లోపలి మడత

టైలరు మాస్టారి కంటే మొండిమనిషి ఇంకొకడుంటే చూపించండి, చూద్దాం! ఊపిరితిత్తిలో గడ్డ ముదిరింది, ఆపరేషనుకు లొంగదన్నారు. ఆరు వారాలు రోజూ రేడియేషను కరెంటు, వారానికోసారి కీమో. "రెండూ కలిపి ఇస్తే గట్టిగా పనిచేస్తుందమ్మా. కానీ మనిషి తట్టుకోవాలి. మరీ చిక్కిపోతే మధ్యలోనే ఆపేయాల్సి వస్తుంది," అని డాక్టరు ఆయన భార్యకు మరీ మరీ చెప్పాడు.

అప్పట్నుంచి ఆవిడ ప్రాణమంతా ఆయన ఒంటి మీదే. ముప్పై ఏళ్లుగా ఆయన షాపులోనే కాజాలు కుడుతున్న మనిషి, చొక్కానే నమ్మింది. గొంతు మండి ఆయనకు ముద్ద దిగకపోయినా, చొక్కా మాత్రం ఒంటికి అతికినట్టు ఉండేది.

"మొహం పీక్కుపోయిందేంటండీ?"

"జుట్టు ఊడితే అలాగే కనిపిస్తుందే. చొక్కా చూడు, ఏమైనా వదులైందా?" అని కాలరు ఎగరేసేవాడు. ఆవిడ పొంగిపోయేది, పిచ్చిది!

ఐదో వారం డాక్టరు ఆవిడను లోపలికి పిలిచాడు. రెండూ ఆపేస్తున్నామన్నాడు.

"అదేంటి సార్? చొక్కాలన్నీ సరిగ్గా సరిపోతుంటేనూ!"

డాక్టరు మాస్టారి బరువు రాసిన కాగితం ముందు పెట్టాడు. పదకొండు కిలోలు తగ్గాడు.

ఇంటికి రాగానే ఆవిడ బీరువాలోని చొక్కాలన్నీ మంచం మీద కుప్పేసి తిరగేసింది. పక్క కుట్లు వారానికో వరస చొప్పున లోపలికి జరిగాయి. మిగులు గుడ్డ మాత్రం కత్తిరించలేదు. మళ్లీ ఒళ్లు చేస్తే విప్పుకోవచ్చని మాస్టారు లోపలే మడిచి పెట్టాడు. తిట్టాలనుకున్న ఆవిడకు ఏడుపొచ్చింది.

ఆ పూట ఆయన విడిచిన చొక్కా కుర్చీకి వేలాడుతోంది. అదీ తిరగేసింది. దాంట్లో మడత లేదు, కత్తిరించేశాడు.

"ఇదెందుకు కత్తిరించారు?"

"దళసరిగా ఉంటే కరెంటు పెట్టిన చోట ఒరుసుకుంటోందే."

"అబద్ధం! ఇన్నేళ్లలో ఎవరి చొక్కాకైనా లోపలి గుడ్డ కత్తిరించారా మీరు? నేను కత్తిరించబోతే, రేపు లావైతే ఎలా అని నన్నే కసిరేవారు కదా!"

మాస్టారు తల దించుకున్నాడు. "ఇక వదులు చేసే పని పడదులే."

ఆవిడ మిషను కింద ముక్కల సంచీ బోర్లించి, ఆ చొక్కా రెండు పక్కలా కత్తిరించిన గుడ్డ పీలికలు వెతికి పట్టుకుంది. చొక్కా ఒళ్లో వేసుకుని కూర్చుంది. ఎంతకీ సూదిలో దారం ఎక్కడం లేదు.

"ఆ అతుకు నిలవదే," అన్నాడు.

"నాకు తెలీదా! మాట్లాడకుండా దారం ఎక్కించండి."

మాస్టారు కళ్లజోడు పెట్టుకుని, దారం ఎక్కించి ఇచ్చాడు.