పొయ్యి మీద ఆరిన కాగితం

నేను ఒక వడపోత కాగితాన్ని. అరచేతిలో ఇమిడే అట్ట, దాని మీద నాలుగు వలయాలు, అంతే నా ఆస్తి. వేలి నుంచి నెత్తురు చుక్క పీల్చుకుని, చెడకుండా పట్నం ప్రయోగశాలకు చేర్చడం నా వృత్తి. మలేరియా క్రిమి మందుకు లొంగనిదైతే ఆ గుర్తులు దాని జన్యువుల్లో కనిపిస్తాయి. పని తేలిక, పరువు ఎక్కువ. మంచి బేరమే అనుకున్నాను.

నన్ను కొండమీది గూడేనికి తెచ్చింది ఆశా కార్యకర్త చిలకమ్మ. మాత్రలు వాడిన పద్దెనిమిదో రోజున ఎనిమిదేళ్ల బుద్రికి మళ్లీ చలిజ్వరం వచ్చింది. అక్కడ జ్వరం తగ్గగానే మిగిలిన మాత్రలు చూరులో దాచి, తర్వాత జబ్బుపడిన వాళ్లకు వేస్తారు. శిబిరానికి వచ్చిన డాక్టరుకు ఆ సంగతి తెలుసు. పిల్ల తల్లి డోమిని చూడగానే అడిగాడు.

"ఎన్ని దాచావు?"

"ఒక్కటీ దాయలేదు బాబూ. కక్కేస్తే మళ్లీ ఏసినాను."

"అందరూ ఇదే మాట."

"అందరూ దాస్తారు. నాను దాయలేదు."

డాక్టరు అవే మాత్రలు మళ్లీ రాసి, "నిజం కాగితం చెబుతుందిలే" అని వెళ్లిపోయాడు. నేను గుర్తులు చూపిస్తేనే మందు మారుతుంది.

నెత్తురు తీశాక నన్ను నీడలో, గాలికి ఆరబెట్టాలి. బయట వదలని ముసురు.

"పొయ్యి మీద ఎండుచేపల పక్కన పెట్టీ వదినా" అంది డోమి.

"మీ మావ సేపనుకుని కొరికేస్తేనో?" అంది చిలకమ్మ.

ఇద్దరూ నవ్వుకున్నారు. వెచ్చగా ఉందని నేనూ మురిశాను.

ఆ వేడికీ పొగకూ నా సరుకు మాడిపోయింది. ప్రయోగశాలవాళ్లు మూడు వలయాలు కత్తిరించి చూసి, "చదవలేకపోయాం" అని రాసి, ఆ చీటీకి నన్ను గుచ్చి తిప్పి పంపారు. డాక్టరు దాన్ని "గుర్తులు లేవు" అని చదువుకున్నాడు. తక్కెడ విరిగినంత మాత్రాన సంచిలో ధాన్యం లేనట్టు కాదని సంతలో ఎవరినడిగినా చెబుతారు.

"మందు మంచిదే. దాచింది నువ్వే" అన్నాడు. డోమి తల దించుకుంది. నాకు నోరుంటే బాగుండేది.

బుద్రికి మూడోసారి జ్వరం వచ్చింది. ఈసారి పిల్ల లేచి నిలబడలేకపోయింది. చిలకమ్మ ఇంకో కాగితం మీద నెత్తురు పట్టి, బడి వరండాలో కూర్చుని, పూర్తిగా ఆరేదాకా చేటతో విసిరింది. అందులో గుర్తులు దొరికాయి. మందు మారింది. వారానికి పిల్ల గంజి అడిగింది.

డాక్టరు ఫైలు పట్టుకుని గూడేనికి వచ్చాడు. అందులో నేనూ, ఆ రెండో కాగితమూ ఉన్నాం.

"నీ మాట నిజమేనమ్మా. కాగితం చెప్పింది" అన్నాడు.

"ముందు నానే సెప్పినాను కదా బాబూ" అంది డోమి.

అంతవరకూ నేను మాడిపోయానన్నదే నా సిగ్గు. ఆ మాట విన్నాక తెలిసింది, మాడకపోయినా సిగ్గుపడవలసిందేనని. ఓ తల్లి మాటకు నన్ను పూచీ అడిగారు. నేను ఒప్పుకుని వెళ్లాను.