తడిక స్థానంలో నేను

నేను ఒక గోడను. ఇటుకలది కాదు, మద్ది పలకలది. ఏజెన్సీలో ఒక చిన్న బడికి అడవి వైపున నిలబడ్డాను.

నాకు ముందు అక్కడ వెదురు తడిక ఉండేది. ఎదురుకాల్పుల్లో ఒక తూటా ఆ తడికలోంచి దూసుకొచ్చింది. దామోదరం మాస్టారి కూతురు సుగుణ అప్పుడు మూడో తరగతి. ఆయన ఇంతకన్నా ఎక్కువ చెప్పేవారు కాదు. నేనూ చెప్పను.

సెలవుల్లో ఆయన వడ్రంగి కూర్మయ్యను పిలిపించారు. రెండు వరుసల మందపాటి పలకలు, మధ్య జానెడు ఖాళీ, అందులో కూరిన కంకర. పలక దాటిన తూటా రాళ్లలో చిక్కుకోవాలి. బయటి వరుసలో అతుకు ఉన్నచోట లోపలి వరుసలో అతుకు రాకూడదు. ఎత్తు మాత్రం కూర్చున్న పిల్లల తలలకు మూరెడు పైదాకానే. అంతకు మించి కలప దొరకలేదు. ఆపైన మళ్లీ తడికే.

"మీరు నిలబడి కదా పాటం సెప్తారు. మరి మీ తల మాటేటి మాస్టారూ?" అన్నాడు కూర్మయ్య.

"కూర్చుని చెప్తాను."

"కూకుని సెప్పే మాస్టార్ని నానెక్కడా సూడ్నేదు. ఇనస్పెట్రొస్తే బద్దకమనుకుంటాడు."

"అనుకోనీ."

వానలకు నాలోని కంకర కుంగింది. పైకి మాత్రం బాగానే కనిపించాను. మనుషులు గోడను చూసి తృప్తిపడతారు, తట్టి చూడరు. బుద్రి అనే పిల్ల ఆటకు తట్టి, "పైన డొల్లగుంది సార్" అంది. ఆ రోజునుంచి పిల్లలు ఒక్కొక్కరూ వాగులోంచి దోసెడు రాళ్లు తెచ్చి, నాలో పోశాకే కూర్చునేవారు.

మాఘంలో ఒక ఉదయం మళ్లీ కాల్పులు. "పడుకోండి" అన్నారు మాస్టారు. నాకు మూడు తూటాలు తగిలాయి. రెండు కింది కంకరలో ఆగాయి. మూడోది పైన, పిల్లలు నింపిన రాళ్లలో ఆగింది.

అంతా సద్దుమణిగాక ఆయన నేలమీదినుంచే హాజరు పిలిచారు. పందొమ్మిది పేర్లు, పందొమ్మిది గొంతులు. రిజిస్టరు మూసి, నాకు వీపు ఆనించి చాలాసేపు కూర్చున్నారు.

కొన్నేళ్లకు అడవి సద్దుమణిగింది. బడికి ఇటుక గోడలు వచ్చాయి. కూర్మయ్య నన్ను విప్పి బెంచీలు చేశాడు. తూటాలు చేసిన చిల్లులు పూడుస్తానంటే మాస్టారు వద్దన్నారు. పిల్లలు ఇప్పుడు వాటిలో పెన్సిళ్లు నిలబెట్టుకుంటున్నారు.

మాస్టారు నిలబడి పాఠం చెబుతున్నారు.