మేస్త్రి ముట్టుకున్న మిరపకాయలు

పిడుగురాళ్లలో అక్కకి ఆపరేషనని చెప్పి దేవకుమారి విమానం ఎక్కింది.

చెప్పింది ఎవరితోనో కాదు, తన ముఠాతో. చిలకలూరిపేట రోడ్డు మీద ఒక కోల్డ్ స్టోరేజీలో మిరపకాయ తొడాలు తీసే ముప్పై నలుగురు ఆడవాళ్లకి ఆమె మేస్త్రి. పొద్దున్నించి సాయంత్రం దాకా ఎండుమిరప గుట్టల ముందు కూర్చుని, కాయ కాయకీ తొడిమ తుంచడం వాళ్ల పని. ఇంటికి పోయాక ఆ చేతులతో కళ్లు నలుపుకోలేరు, పసిబిడ్డని ఎత్తుకోలేరు. అదే చేతులతో ఒంటికి పోయి వచ్చిన ఆడదాని బాధ ఇక రాయనక్కర్లేదు.

ఆ స్టోరేజీలో ఆడవాళ్లకి మరుగుదొడ్డి లేదు. గోడ వెనక తుమ్మచెట్లే దిక్కు. ఆఫీసు వాళ్లకి ఒకటి ఉంది. దానికి తాళం ఉంది. తాళంచెవి గుమాస్తా అంకమ్మరావు జేబులో ఉంటుంది. ఫిబ్రవరిలో అరవయ్యేళ్ల కోటిరత్నం గోడ వెనక రాళ్ల మీద జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆ సాయంత్రమే దేవకుమారి ముఠా మొత్తాన్ని గేటు బయట నిలబెట్టి ఒక మాట చెప్పింది.

"తలుపున్న దొడ్డి కట్టేదాకా ఎవ్వరూ ఒక్క కాయ ముట్టుకోవద్దు. నేనున్నా సరే, లేకపోయినా సరే."

అందరూ తలూపారు. పదకొండేళ్లలో ఆమె మాట తప్పింది లేదు. సీజన్లో రెండు రోజులు పని ఆగితే స్టోరేజీ ఆసామి దిగొస్తాడని ఆమె లెక్క. ఎప్పుడూ అలాగే జరిగింది. ఈసారి నాలుగు రోజులైనా దిగిరాలేదు. నాలుగో రోజు రాత్రికి ఆమె చెన్నై రైలెక్కాలి.

టికెట్లు రెండు నెలల కిందటే కొన్నవి. అక్క కూతురు మాధురి బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్తుంది. ఏడాదికొకసారి వీపుకి సంచి తగిలించుకుని చవగ్గా దేశాలు తిరిగొస్తుంది. ఈసారి తోడు వస్తానన్న స్నేహితురాలు మానుకుంటే, "పిన్నీ, కువైట్ పోదామని తీసుకున్న పాస్‌పోర్టు నీ దగ్గర ఊరికే పడుందిగా, నువ్వు రా" అంది. దేవకుమారికి నలభై మూడేళ్లు. విజయవాడ దాటి చూసింది లేదు. వస్తానంది.

సమ్మె పెట్టి మేస్త్రి విమానం ఎక్కిందని ఎలా చెప్తుంది? చెప్పలేకపోయింది. అక్కకి గర్భసంచి తీసేస్తున్నారంది. పిరికితనానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు, అది పిరికితనమే.

"పోయి రా దేవక్కా," అంది కరీమున్. ముఠాలో ఆమె తర్వాత మాట కరీమున్‌దే. "ఇక్కడ మేం లేమా? నువ్వు మాత్రం వేళకి తిను."

*

కౌలాలంపూర్‌లో దిగిన చోట ఒకే గదిలో పన్నెండు మంచాలు, రైలు బెర్తుల్లా ఒకదాని మీద ఒకటి. దేవకుమారికి పై మంచం వచ్చింది. కింద ఏదో దేశపు పిల్ల, ముక్కుకి పోగు, కాళ్లకి బొబ్బలు.

మాధురి నియమాలు చెప్పింది. కారు ఎక్కకూడదు, నడవాలి. నీళ్లు కొనకూడదు, బస చేసిన చోటే సీసాలు నింపుకోవాలి. ఇద్దరికీ ఒకే ప్లేటు. ఊరు మారేది రాత్రి రైల్లోనో బస్సులోనో, ఆ రాత్రికి మంచం ఖర్చు మిగులుద్ది.

దేవకుమారి నవ్వింది. "ఇది నేర్పడానికి ఇంత చదువుకున్న పిల్ల కావాలా? నన్నడిగితే నేను చెప్పేదాన్నిగా."

"అవున్లే. నీకు అలవాటు, మాకు సరదా."

"సరదాకి పస్తుండే జనాన్ని ఇక్కడే చూస్తున్నా."

కానీ ఆ పిల్లని తప్పుపట్టడానికి లేదు. పిన్నిని కిటికీ పక్కన కూర్చోబెట్టింది, సంచిలో బరువులన్నీ తన వైపు వేసుకుంది. దేవకుమారికి నిజంగా బాగుంది. ఎవరూ పేరు పెట్టి పిలవని వీధుల్లో నడవడం బాగుంది. ఇంటి నుంచి తెచ్చిన కారప్పొడిని అక్కడి చప్పిడి అన్నం మీద చల్లుకుని మెట్ల మీద కూర్చుని తినడం ఇంకా బాగుంది.

ఒక్కటే పిచ్చి పట్టింది ఆమెకి. ఎక్కడికి పోయినా ముందు మరుగుదొడ్డి చూసేది. తలుపు తోసి, మూసి, లోపల గడియ వేసి, తీసి, ఫోన్లో ఫోటో తీసుకునేది.

"అందరూ టవర్లకి తీస్తారు పిన్నీ. నువ్వేంటి, బాత్రూం తలుపులకి తీస్తున్నావ్?"

"టవర్లో ఎవరు కూర్చుంటారే?"

పెనాంగ్ దీవి చేరిన రోజు కరీమున్ రికార్డు చేసి పంపిన మాటలు ఫోన్లో వచ్చాయి. "దేవక్కా, పెద్దక్కకి ఎట్టా ఉంది? ఇక్కడ కంగారేం లేదు. గేటు ముందు పట్టా కట్టుకుని కూర్చున్నాం. దాచేపల్లి వైపు నుంచి ఆటోల్లో వేరే కూలీలని తెచ్చారు, మాట్లాడి వెనక్కి పంపాం. నువ్వు దిగులు పడమాక. రంజాన్ రోజాలు మొదలైనయ్‌గా, పగలంతా నాకు తిండి బెంగ కూడా లేదు." చివర్లో తనే నవ్వింది. ఆ నవ్వు పొడిగా, గొంతు తడారి ఉంది.

దేవకుమారి సముద్రం వైపు తిరిగి నిలబడి బదులు పలికింది. "కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయే. నాలుగు రోజులు పట్టేట్టుంది." ఎదురుగా పడవ కూత పెట్టింది. అది చెరిపేసి, చెయ్యి అడ్డం పెట్టి మళ్లీ మొదట్నించి పలికింది. అబద్ధానికి ఒక్క గదితో సరిపోదు, ఇల్లంతా కట్టాలి. కుట్లు చెప్పింది, డాక్టరు మాట చెప్పింది, గంజి తాగిందని కూడా చెప్పింది. ఆ పూట మాధురి కొన్న పుచ్చకాయ ముక్క తిరిగి మాధురికే ఇచ్చేసింది.

*

ఏడో రోజు బ్యాంకాక్. సంతలో నడుస్తుంటే ఘాటు తగిలింది. ఎండుమిరప ఘాటు. తల తిప్పేలోపే కాళ్లు అటు పోయాయి.

ఒక కొట్టు ముందు ఆమె వయసు మనిషే, పీట మీద కూర్చుని, బుట్ట ముందు పెట్టుకుని, కత్తెరతో ఒక్కో కాయకీ తొడిమ కత్తిరిస్తోంది. దేవకుమారి కాసేపు చూసింది. చూడలేకపోయింది. కత్తెరతో ఎన్నాళ్లకి తెమిలేను? వంగి ఒక కాయ తీసి, బొటనవేలి గోరుతో టక్కున తుంచి చూపించింది. ఆ మనిషి కళ్లు పెద్దవి చేసింది. ఇంకోటి తుంచింది. ఆ మనిషి నవ్వి, పక్కన పీట లాగి వేసింది.

ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ఇద్దరూ మాట్లాడుకున్నారు. దేవకుమారి తన అరచేతులు చూపించింది, ఆ మనిషి తన చేతులు చూపించింది. ఇద్దరూ ఊదుకున్నట్టు చేసి నవ్వుకున్నారు. చేతులు వాటంతటవి పోతున్నాయి. సగం బుట్ట అయింది. పది రోజులుగా లేని మంట వేళ్ల కొసల్లో మొదలైంది, పాత చుట్టం వచ్చినట్టు.

ఆ మంటే ఆమెని లేపింది.

సమ్మె. తలుపున్న దొడ్డి కట్టేదాకా ఒక్క కాయ ముట్టుకోవద్దని చెప్పింది తనే. అక్కడ ఆ మాట మీద కూర్చున్నారు వాళ్లు. ఇక్కడ మేస్త్రి పరాయి దేశంలో పీటేసుకుని తొడాలు తీస్తోంది, కూలి కూడా లేకుండా, కులాసాగా.

చేతిలో కాయ జారిపోయింది. లేచి నిలబడింది. కొట్టు మనిషి కంగారుపడి నూడుల్స్ గిన్నె తెచ్చి ఇవ్వబోయింది. దేవకుమారి దణ్ణం పెట్టి వచ్చేసింది.

మాధురి అప్పటికే ఫోటో తీసింది, ఫోన్లో లోకానికి చూపించేసింది కూడా. కింద ఒక వాక్యం రాసింది: 'మా పిన్ని ఎక్కడికి పోయినా డ్యూటీ మానదు.' అంకమ్మరావు కూతురు తన దగ్గరే లెక్కలు నేర్చుకుంటుందని మాధురికి ఆ క్షణాన గుర్తులేదు.

ఎనిమిదో రోజు పిడుగురాళ్ల నుంచి అక్క ఫోన్.

"ఒసేయ్, నీ ముఠావాళ్లు వచ్చారే. నలుగురు. బత్తాయిలు, బ్రెడ్డు పట్టుకుని. ఊళ్లో ఆస్పత్రులన్నీ తిరిగి, అడుక్కుంటా అడుక్కుంటా ఇంటికి వచ్చారు. నేను పెరట్లో బట్టలుతుకుతున్నా. ఏం చెయ్యనే? గబగబా పోయి మంచం ఎక్కి దుప్పటి కప్పుకున్నా."

"ఎందుకొచ్చారు?"

"అంకమ్మరావంట, ఎవడో, నీ ఫోటో చూపించాడంట. మీ మేస్త్రి బ్యాంకాక్‌లో ఉంది, మీరిక్కడ ఎండిపోతున్నారు, లేచి పనిలోకి రండి అన్నాడంట. వీళ్లు నమ్మలేదు. నీతో ఒక ఫోటో దిగి పోయి వాడి మొహాన కొట్టాలని వచ్చారు. నువ్వు మందులకి పోయావని చెప్పా. సాయంత్రం దాకా చూశారు. కరీమున్ నా కాళ్లు నొక్కిందే. నేను సబ్బు పెట్టి వదిలేసిన బట్టలు ఆ పిల్లే జాడించి ఆరేసింది. ఉపవాసంలో ఉండి. నావల్ల కాదే తల్లీ, ఇంకోసారి నాకీ పని పెట్టమాక."

మిగతాది కోటిరత్నం చెప్పింది, ఫోన్లో అరుచుకుంటూ, గర్వంగా. "ఒసే దేవా, ఆ అంకమ్మరావు నోరు మూయించాం. కరీమున్ ఏమందో తెలుసా? మా మేస్త్రి మేం కూర్చున్నప్పుడు కాయ ముట్టుకునే మనిషి కాదు, ఈ ఫోటోలో కాయ తుంచుతోంది, కాబట్టి ఇది దొంగ ఫోటో, ఇప్పుడు కంప్యూటర్లో ఎవరి తలైనా ఎవరికైనా అతికిస్తున్నారు అంది. వాడు వినకపోతే, దేవక్క వాళ్లక్క మంచం పక్కనే ఉంది, నా కళ్లతో చూశానని తన పిల్లాడి మీద ఒట్టేసింది. ఇంకేం మాట్లాడతాడు?"

కరీమున్ చూడలేదు. చూడలేదని దేవకుమారికి తెలుసు. కరీమున్‌తో పిడుగురాళ్లు వెళ్లిన మిగతా ముగ్గురికీ ఆ సంగతి తెలుసు.

తిరుగు టికెట్ ముందుకి జరపమంది దేవకుమారి. చవక టికెట్టు, జరగదంది మాధురి. "తప్పంతా నాది పిన్నీ, ఫోటో పెట్టకుండా ఉండాల్సింది."

"ఫోటోలో అబద్ధమేం లేదులే."

ఫోన్ తీసింది. పనిలోకి పోండి అని ఒక్క మాట పలికితే చాలు, అన్నీ ముగుస్తాయి. తనకి ఊపిరాడుతుంది. వేలి దాకా వచ్చింది ఆ మాట. కోటిరత్నం విరిగిన మణికట్టుని అమ్మి తను నిద్ర కొనుక్కోవడం అది. ఫోన్ సంచిలో పడేసింది. మిగిలిన రోజుల్లో మాధురి చూపించిన గుళ్లు, నది, దీపాలు ఏవీ ఆమెకి గుర్తులేవు.

*

చెన్నై రైలు దిగి, ఇంటికి పోకుండా, వీపు మీద సంచితోనే గేటు దగ్గరికి వచ్చింది. సమ్మెకి పదిహేనో రోజు. పట్టా కింద అందరూ ఉన్నారు. గేటు లోపల నీడలో కుర్చీ వేసుకుని అంకమ్మరావు ఉన్నాడు.

"పెద్దక్కకి ఎట్టా ఉంది?" అంటూ కరీమున్ లేచి వచ్చింది. పెదాలు పగిలి ఉన్నాయి.

"మా అక్కకి ఏ జబ్బూ లేదు," అంది దేవకుమారి, గేటు లోపలికి కూడా వినపడేట్టు. "ఆపరేషనూ లేదు. నేను బ్యాంకాక్ పోయా. తిరగడానికి పోయా. ఫోటో నిజం. ఆ కాయలు తుంచింది నేనే."

రోడ్డు మీద లారీ పోయింది.

"మా అక్క మీకు నాటకమాడింది. కరీమున్ గుమ్మంలో ఎవర్నో చూసి నేననుకుని ఉంటది, దానిది తప్పు లేదు…"

"నేనెవర్నీ చూళ్లేదు," అంది కరీమున్. గొంతు పెంచలేదు. "మంచం పక్కన ఎవరూ లేరు. చూశానని చెప్పింది నేను. ఆ ఒట్టు నాది, అల్లాకి నేను చెప్పుకుంటా. నాకోసం నువ్వు ఇంకో అబద్ధం చెప్పమాక."

అంకమ్మరావు లేచాడు. "విన్నారుగా. నేను చెప్తే దొంగ ఫోటో అన్నారు. ఇక లేవండమ్మా, లోపల కాయల టిక్కీలు, బస్తాలకి బస్తాలు గుట్టలు పడున్నయ్."

ఇద్దరు ముగ్గురు కొంగులు దులుపుకున్నారు. దేవకుమారి చూసింది. ఆగమని చెప్పే హక్కు ఆమెకి లేదు.

కోటిరత్నం కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఉంది. "ఏమే," అంది. "ఆ ఊళ్లో ఆడోళ్లకి దొడ్లున్నయ్యా?"

"ఉన్నాయత్తా."

"తలుపులు?"

"ఉన్నాయి. లోపల గడియ కూడా."

"కళ్లతో చూశావా, విన్న మాటేనా?"

దేవకుమారి ఫోన్ తీసి ఇచ్చింది. కోటిరత్నం చూసింది. పక్కామెకి ఇచ్చింది. ఫోన్ వరసంతా తిరిగింది. తెల్ల తలుపులు, రేకు తలుపులు, రైల్లో తలుపు, సంతలో తలుపు. "ఈ నీలంది బాగుంది," అన్నారెవరో. కొంగులు దులుపుకున్నవాళ్లు కూడా వంగి చూసి, చూస్తూ చూస్తూ మళ్లీ కూర్చున్నారు.

"అంకమ్మరావూ," అంది కోటిరత్నం, "అది పోయింది తిరగడానికే. దాని సంగతి మేం చూసుకుంటాం. నువ్వు మాత్రం ఇట్టాంటిదొకటి కట్టించు. రంగు ఏదైనా ఫర్లేదు."

అతను కుర్చీ తీసుకుని లోపలికి పోయాడు.

దేవకుమారి సంచి దింపి, ఎప్పుడూ కూర్చునే ముందు చోటికి నడిచింది.

"అక్కడ కాదే," అంది కోటిరత్నం. "ఇకనించి అక్కడ కరీమున్ కూర్చుంటది."

ఆమె వెనక్కి వెళ్లింది. వరస చివర, పట్టా నీడ అందని చోట కూర్చుంది. కరీమున్ ముందుకొచ్చి కూర్చుంది. వెనక్కి తిరిగి చూడలేదు.

పొద్దు గుంకి, మసీదు పిలుపు వినపడ్డాక కరీమున్ ఖర్జూరాల పొట్లం విప్పింది. ఒకటి నోట్లో వేసుకుని పొట్లం వెనక్కి పంపింది. చేతులు చాస్తున్నారు ఒక్కొక్కరూ. దేవకుమారి ఆ చేతుల్ని చూసింది. పదిహేను రోజులు పని ముట్టుకోక పగుళ్లు పూడాయి, ఎరుపు పోయింది, గోళ్లు తెల్లగా ఉన్నాయి. పొట్లం తన దాకా వచ్చింది. అడుగున ఒక పండు మిగిలి ఉంది. తీసుకోవడానికి చెయ్యి చాచి, బొటనవేలు లోపలికి ముడుచుకుంది. ఆ గోరు కింద ఎరుపు ఇంకా పోలేదు.