మిల్లు ముందర సూటు

పావగడ శెనక్కాయల మిల్లులో కదిరయ్య మూటలు మోసేవాడు. ఆదివారం వస్తే మాత్రం వేరే మనిషి. ఇస్త్రీ మడత చెదరని తెల్ల ప్యాంటు, నీలం చొక్కా, నల్లబూట్లు వేసుకుని బజారు ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిచొచ్చేవాడు. పనేమీ ఉండదు, నడవడమే పని. వానలు ఎగ్గొట్టి, శెనక్కాయ చెట్టు ఊడ దిగకుండానే మాడిపోయిన ఆ ఏడు, చూసినోళ్లు మూతి తిప్పుకున్నారు. ఊరంతా గంజికి ఏడుస్తాంటే బూట్లకు పాలిషేందని పెండ్లాం నాగక్కే దెప్పేది.

అట్లాంటి ఎండల్లో బెంగుళూరు నుంచి కెమెరావాళ్లు దిగినారు. సూటుగుడ్డల ప్రకటన తీస్తారంట. ఆఫ్రికాలో జైరు అనే దేశంలో, పగలంతా రేవులో మూటలు మోసే కూలీలు పొద్దుగూకితే కోటు తొడిగి, టై కట్టి వీధుల్లో రాజుల మాదిరి తిరుగుతారంట. ఆ కథ తీయాల. అంత దూరం పోలేక, ఎర్రమన్నూ మూటలూ ఉండే ఈ మిల్లు చాలనుకున్నారు. సూటు వేసుకోను బెంగుళూరులో చదువుకునే కబెయా అనే జైరు దేశస్థుణ్ణి వెంటబెట్టుకొచ్చినారు.

మేస్త్రీ జయరామప్ప ఈ సంగతి చెప్పినప్పటి నుంచి కదిరయ్యకు కూడు సయించలేదు. తనలాంటోళ్లు ఆడ కూడా ఉండారా అని అడిగిందే అడిగినాడు. తెల్లారేసరికి ఆదివారం బట్టల్లో మిల్లుకాడ నిలబడినాడు.

డైరెక్టరు ఎగాదిగా చూసి ఈ బట్టలు పనికిరావన్నాడు. మూటలోళ్లు చినిగిన పంచెలతో వెనక కనబడాలంట, అప్పుడే ముందరి సూటు వెలుగుతాదంట. కదిరయ్య విప్పనూ లేదు, వాదించనూ లేదు. బస్టాండుకు పోయి టీ చెప్పి, తాగకుండానే లేచినాడు. ఇంటికి పోయి, గడపలోంచే తిరిగొచ్చినాడు. కాలు ఒకచోట నిలవలేదు. మధ్యాహ్నానికి మళ్లీ మిల్లుకాడే తేలినాడు.

కెమెరావాళ్లు నీడన అన్నాలు తింటున్నారు. కబెయా ఒక్కడే కొళాయి కాడ ఉన్నాడు. ముందు నుంచి చూస్తే కోటు అచ్చు పోసినట్టుంది. వెనక మాత్రం వదులంతా బట్టలారేసే క్లిప్పులతో బిగించినారు. కదిరయ్య చూపు ఆడే ఆగింది. అది కనిపెట్టి కబెయా, అరకొర కన్నడంలో, తన చిన్నాయన వాళ్ల దేశంలో కిన్షాసా రేవులో సిమెంటు మూటలు మోస్తాడని చెప్పినాడు.

"ఈ క్లిప్పులు చూస్తే మా చిన్నాయన నన్ను వీధిలోకి రానియ్యడన్నా."

"పనికి పోయేటప్పుడు ఆయప్ప చినిగినవే కడతాడా?"

"కడతాడు. పనికి పనిబట్టలే. ఆ బట్టల్లో ఫోటో మాత్రం తీయనియ్యడు."

కదిరయ్య కబెయాను వెంటబెట్టుకుని బజారులో దర్జీ ఆదెప్ప అంగడికి నడిచినాడు. ఆదెప్ప క్లిప్పులు పీకి, వదులు మడిచి టాకాలు వేసినాడు. తిరిగొచ్చేటప్పుడు ఇద్దరూ తొందరపడలేదు. ఒకరు సూటులో, ఒకరు నీలం చొక్కాలో, బూట్లకు దుమ్ము అంటకుండా చూసి అడుగేస్తూ పక్కపక్కన నడిచినారు. అంగళ్లలో బేరాలు ఆగినాయి. కిరసనాయిలు వరసలో నిలబడిన నాగక్క కూడా చూసింది.

మిల్లుకాడ డైరెక్టరు ఆలస్యమైందని గసిరినాడు. కబెయా వీపు తిప్పి చూపిస్తే మాట మింగినాడు గాని, కదిరయ్యను ఫ్రేములోకి రానియ్యలేదు. కదిరయ్య గేటు కాడ నిలబడి అంతా చూసినాడు. పొద్దుగూకేలోపు వాళ్లు జీపెక్కి పోయినారు. ఆ ప్రకటన ఎప్పుడొచ్చిందో, వచ్చిందో లేదో, పావగడలో ఎవరికీ తెలియదు.

ఇంటికొస్తే నాగక్క పొయ్యి ఊదుతూ, ఆయప్ప ఎవరని అడిగింది.

"మూటలోళ్ల ఇంటి మనిషే."

ఆమె పొయ్యిలోకి పుల్ల ఎగదోసి, "ఇద్దరూ బాగా నడిచినారు," అనింది.

కదిరయ్యకు ఆ మాట చల్లగా తగిలింది. అయినా నిమ్మళించలేదు. ఎన్నడూ చూడని ఆ రేవు, ఆడ పని దిగి మొహం కడుక్కునే మనుషులూ కండ్లల్లో మెదిలినారు. కూర్చున్నోడు లేచి వాకిట్లోకి పోయినాడు.