గిడస చేపలు

"...అట్టా ఉరకమాకే మనవరాలా. నిదానంగా చెపుతా, నిదానంగానే రాయి. ఖలందర్‌ది రాతిగుంట, మట్టి చెరువు కాదు. అది ముందు రాయి."

పిడుగురాళ్ల అవతల, రాయి తీసేసి వదిలేసిన క్వారీ గుంటలో ఖలందర్ శీలావతి చేపలు పెంచేవాడు. చేపపిల్లను బయట కొనేవాడు కాదు. ఏటా తన చేపల్లోనే బాగా బలిసినవాటిని ఎంచి, సూది వేసి గుడ్లు పెట్టించేవాడు. ఎదుగూ బొదుగూ లేని గిడసవి కనిపిస్తే గట్టు మీదికి విసిరేసేవాడు. కాకులకు పండగ. ఆ పిల్లనే పక్క గుంట పున్నారావుకూ ఇచ్చేవాడు. రెండు గుంటల్లోనూ చేపలు అచ్చుగుద్దినట్టు నిగనిగలాడుతుంటే ఇద్దరూ మురిసిపోయేవాళ్లు.

ఈసారి వానలు వెనకబట్టి చలి మొదలయ్యాక ఖలందర్ చేపలకు ఎర్రమచ్చలు లేచాయి. మచ్చలు పుండ్లయ్యాయి. చూస్తుండగానే గుంట నిండా తెల్లటి పొట్టలు తేలాయి. ఆ కంపుకి లారీలవాళ్లు అద్దాలెత్తుకుని పోయారు.

చేపల డాక్టరు అక్షయ వచ్చి చచ్చినవాటిని కోసి చూసింది. రాతి నీడలో ఇంకా ఈదుతున్న బక్కచేపలు కంటబడ్డాయి.

"అవెందుకు చావలేదు బాబాయ్?"

"అవా? ఏరేసేటప్పుడు తప్పించుకున్న గిడసలమ్మా. దేనికీ కొరగావు."

"అవే కావాలి మనకు. రోగాన్ని ముఖం చూసి గుర్తుపట్టే కావలివాళ్లు ప్రతి చేప ఒంట్లోనూ ఉంటారు. వాళ్లు తల్లిదండ్రుల నుంచే వస్తారు, ఒక్కో వంశపు కుదురుకు ఒక్కో రకం. నువ్వు ఏటా ఒకే కుదురు ఎంచి, మిగతా కావలివాళ్లను గట్టు మీద పారేశావు. ఈ రోగాన్ని ఎరిగినవాడు వీటిలోనే మిగిలాడేమో. రేపు ట్యాంకు తెచ్చి వీటిని తీసుకెళ్లి పిల్ల తీయిస్తాను. అప్పటిదాకా నీళ్లలో ఏమీ కలపకు."

సాయంత్రం పున్నారావు ట్రాక్టరు నిండా బట్టీ సున్నం తోలుకొచ్చాడు.

"గుంటలో పొయ్యి బావా, రోగం చస్తది. ఇంకా చూస్తావేంది?"

"పొద్దున దాకా ఆగరాదూ. ఆ మిగిలినయ్యి..."

"మిగిలినయ్యి రోగం మోస్తయ్. నీ గిడసల కోసం నా గుంట చావాలా? నా దాంట్లో రోగం లేస్తే నువ్వు ఆగేవాడివా? చెప్పు!"

గిడసలనన్నా ముందు పట్టుకుందామని ఖలందర్ విసురువల తీసుకుని దిగాడు. విసిరినప్పుడల్లా అడుగు రాళ్లకు పట్టి వల చిరిగింది. గిడసలు రాతి సందుల్లోకి జారిపోయాయి. పొద్దు వాలుతుంటే పున్నారావు మొహం చూడలేక, తానే పార అందుకున్నాడు. సున్నం నీళ్లలో పడి కుతకుతా ఉడికింది.

పొద్దున అక్షయ ఖాళీ ట్యాంకుతో వచ్చింది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన గిడస చేపను తీసి, రెక్క ముక్క కోసి సీసాలో వేసుకుంది.

"ఆ కావలివాడెవరో దీంతో తెలుస్తుంది. చచ్చినదానికి పిల్ల మాత్రం పుట్టదు బాబాయ్."

ఖలందర్ చేతుల మీద సున్నం పొక్కులు మానకముందే పున్నారావు గుంటలో ఎర్రమచ్చలు లేచాయి. అవీ ఆ కుదురు చేపలే. పున్నారావు కూడా గిడసలను కాకులకు వేసినవాడే. ఒక్కటీ మిగల్లేదు. తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుని వచ్చాడు.

"బావా, ఆ గిడసలు... ఏ సందులోనన్నా ఒకటో అరో ఉండుంటదేమో, చూద్దామా?"

ఖలందర్ తన గుంట వైపు నడిచాడు. పాలలా తెల్లబారిన నీళ్లలోకి ఇద్దరూ దిగారు. ఎంత దేవినా చేతులకు రాళ్లే తగిలాయి.

"అంతేనే. మీ సుహైలన్న కూడా చేపలు పెంచుతానని, పిల్ల తీసే తల్లి చేపలను ఎంచటానికి కైకలూరు పోయాడంట. బలిసినయ్యే చూసి బేరం కుదుర్చుకోకముందే ఫోన్ చేసి, ఇది వాడికి చదివి వినిపించు."