తోరూన్ గాడిద

నూట పన్నెండో పేజీ దగ్గర సుధారాణి చదవడం ఆపేసింది. వేలు పెట్టి ఆ మూడు వాక్యాలూ మళ్ళీ చదివింది.

"మా పలాస వైపు నుంచి వచ్చి, తోరూన్ హోటల్లో దుప్పట్లు ఉతుక్కునే ఒక అమాయకురాలు నాకు తారసపడింది. విస్తులా నదిని చూపించి 'బాబూ, ఇది సముద్రమా?' అని అడిగింది. నవ్వాపుకోవడం నా తరం కాలేదు."

ఆ దుప్పట్లు ఉతికింది తనే. ఆ మాటా తనదే. కానీ ఈ పుస్తకం రాసిన కామేశ్వరరావు మాస్టారు ఆ నది మొహం ఏనాడూ చూడలేదు.

ఆయన టెక్కలిలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన పెద్దమనిషి. కొబ్బరితోటలున్న ఇల్లు. సుధారాణి పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కల పొట్టు తీసే పని మానేసి, పోలండులోని తోరూన్ ఊరికి హోటల్ పనికి వెళ్తున్నప్పుడు కాగితాలన్నీ ఆయనే నింపిపెట్టాడు. "అక్కడ చూసినవన్నీ నాకు చెప్తూ ఉండమ్మా, చరిత్రంటే నాకు ప్రాణం" అన్నాడు. ఆమె చెప్పింది. మూడేళ్ళపాటు, సెలవు దొరికిన ప్రతి ఆదివారం, చలికి పళ్ళు టకటకలాడుతుంటే ఫోను నోటి దగ్గర పెట్టుకుని, మాటలు రికార్డు చేసి పంపింది. నది ఒడ్డున ఎర్ర ఇటుకల కోటగోడలు, భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందని చెప్పిన కోపర్నికస్ పుట్టాడనే ఇల్లు, ఒరిగిపోయి కూడా పడిపోని బురుజు, మోగితే అరికాళ్ళు జలదరించే పెద్దగంట, అరిసె పాకంలో అల్లం, లవంగం కలిపితే ఎలా ఉంటుందో అలాంటి వాసనేసే తేనె బిస్కెట్లు... ఏదీ దాచలేదు.

ఆమె తిరిగొచ్చేసరికి మాస్టారు కూడా "పోలండు వెళ్ళొచ్చి" ఉన్నాడు. బెంగళూరులో కూతురింట్లో మూడు నెలలుండి, కొత్త కోటుతో దిగి, ఊరందరికీ అలాగే చెప్పాడు. 'విస్తులా ఒడ్డున మూడు నెలలు' అన్న పుస్తకం అచ్చయి, చదివినవాళ్ళంతా ఆహా అన్నారు.

దొంగిలిస్తే దొంగిలించాడు. అంతవరకైతే సుధారాణి ఊరుకునేదే. తన కళ్ళతో చూసినవన్నీ తీసుకుని, చివరికి తననే నవ్వులపాలు చేశాడు. మళ్ళీ చేరిన ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు "ఏటే సుధా, సముద్రం ఎలాగుంది?" అని నోటికి చెంగు అడ్డం పెట్టుకునేవారు.

ఆమె టెక్కలి వెళ్ళి ఆయన్నే అడిగింది. మాస్టారు నొచ్చుకోలేదు సరికదా, బుజ్జగించాడు.

"నువ్వు చెప్తే ఎవరు వింటారమ్మా? నేను రాశాను కాబట్టి చదివారు. నీ పేరు పెట్టలేదు కదా, ఎవరికి తెలుస్తుంది? ఇంకేమైనా గుర్తుంటే చెప్పు, రెండో భాగం వేద్దాం."

ఇంటికొచ్చాక వదిన అప్పలనరసమ్మ విని మండిపడింది. "నీ ఫోన్లో అన్నీ ఉన్నాయి గదే. నలుగురికీ ఇనిపించీ! దొంగని తెలిసిపోద్ది."

"దొంగని తెలిత్తే ఏటయిపోద్ది వదినా? పెద్దోడు, పోనీలే అంటారు. నన్ను సూసి నవ్వినారు. ఆయన్ని సూసీ నవ్వాల."

ఆ మాట అన్నప్పుడు ఆమెకు హలీనా గుర్తొచ్చింది. హోటల్లో తనతోపాటు ఇస్త్రీ చేసే ముసలామె. ఒకరోజు పాడుబడ్డ కోట చూపించి చెప్పింది: ఐదారువందల ఏళ్ళ కిందట ఊరిని పీడించిన సైనిక ప్రభువులది అది. జనం తిరగబడి కోటను నేలమట్టం చేస్తే, చివరికి నిలిచింది ప్రభువుల మరుగుదొడ్డి బురుజొక్కటే. "చూడాలంటే ఇప్పుడు అందరూ దాన్నే చూడాలి" అని హలీనా పళ్ళులేని నోటితో నవ్వింది.

సుధారాణి పుస్తకాన్ని అట్టనుంచి అట్టదాకా రెండుసార్లు చదివింది. ఎనభై ఏడో పేజీలో దొరికింది ఆమెకు కావలసింది: తను కొత్తలో పొరపాటుగా చెప్పి, తరవాత దిద్దడం మరిచిన ఒక సంగతి. అది పట్టుకుని, ఆ పుస్తకానికి మాస్టారికి చేయబోయే సన్మానం రోజుదాకా ఓపిక పట్టింది.

టెక్కలి కల్యాణమండపంలో ఆదివారం పొద్దున్న సభ. అధ్యక్షుడు వైకుంఠరావు, ఊళ్ళో పలుకుబడి ఉన్న రైతు. మాస్టారి మెడలో దండ పడింది. అప్పుడు సుధారాణి లేచి నిలబడింది.

"అయ్యా, పుస్తకంలో దుప్పట్లు ఉతికినదాన్ని నానే. ఒక్క మాట సెప్పుకుంటాను."

సభ గొల్లున నవ్వింది. వైకుంఠరావు కూడా నవ్వుతూ మైకు ఇప్పించాడు. మాస్టారి ముఖం పాలిపోయింది, కానీ ఆమె చేతులు జోడించింది.

"ఎనభై ఏడో పేజీ అంటే నాకు శానా ఇష్టం మాస్టారూ. మీ గొంతుతో ఇనాలనుంది."

ఆయనకు ప్రాణం లేచొచ్చింది. కళ్ళజోడు సవరించుకుని చదివాడు: "తోరూన్ నడిబొడ్డున కంచుగాడిద ఉంది. ఆ ప్రజలకు అది పూజనీయం. గౌరవసూచకంగా నన్ను దానిమీద కూర్చోబెట్టారు. అరగంట కూర్చుని ధన్యుణ్ణయ్యాను."

చప్పట్లు మోగాయి. అవి ఆగేదాకా సుధారాణి ఆగింది.

"ఎళ్ళిన కొత్తలో పిల్లలు దానెక్కి ఫొటోలు తీసుకోడం సూసి, ఈళ్ళు గాడిదకి మొక్కుతారు గావాలని నానూ అనుకున్నాను. అలాగే సెప్పీసినాను. యేడాది పోయాక తెలిసింది. పూర్వం అక్కడ సెక్కగాడిద ఉండేదట. దాని వీపంతా కత్తిలాగ వాదర ఉన్న రేకు. తప్పు సేసినోణ్ణి దానిమీద కూకోబెట్టి, కాళ్ళకి బరువులు కట్టి, ఊరంతా సుట్టూ సేరి నవ్వేదట. దాని గుర్తుకే ఈ కంచుది పెట్టినారు." ఆమె మాస్టారి వైపు తిరిగింది. "మీరేటి తప్పు సేసినారని కూకోబెట్టినారు మాస్టారూ? అదీ అరగంట!"

ఎవరో వెనక వరసలో కిసుక్కుమన్నారు.

"అది... అది వేరే గాడిద" అన్నాడు కామేశ్వరరావు.

అంతే, మండపం పగిలిపోయేలా నవ్వు. స్టేజి మీద వైకుంఠరావు ఉత్తరీయంతో నోరు మూసుకున్నాడు. ఆ నవ్వు సద్దుమణగకముందే ఆమె ఫోను మైకుకి ఆనించింది. హోరుగాలి. గాలిలో తన గొంతు: "మాస్టారూ, బాగున్నారా? ఇయ్యాల నది ఒడ్డుకొచ్చినాను. ఇది నదా, సముద్రమా అని మా హలీనాని అడిగినాను..."

అప్పుడెవ్వరూ నవ్వలేదు. కుర్చీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి.

వారం తిరక్కుండా టెక్కలిలో ఆయన పేరు గాడిద మాస్టారైంది. బడిపిల్లలు ఆయన గేటు ముందు ఓండ్రపెట్టి పారిపోయేవారు. ఆయన వీధి గుమ్మం దాటడం మానేశాడు.

నెల గడిచాక మాస్టారి భార్య రత్నాలమ్మ ఆటోలో ఫ్యాక్టరీకి వచ్చింది. సుధారాణి స్టూలు వేసి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చింది.

"ఆయనకి అన్నం సహించట్లేదమ్మా" అంది రత్నాలమ్మ. "నీ పేరుతోనే మళ్ళీ పుస్తకం వేయిస్తారట. నువ్వొక్కసారి వచ్చి, గాడిద సంగతి పొరపాటున అన్నానని నలుగురిలో చెప్పు."

"నాను అబద్ధం సెప్పనమ్మా. ఆ మండపంలోనే నిలబడి, 'ఆ నది నేను సూడలేదు, ఆ పిల్లని సూసి నవ్వే అర్హత నాకు లేదు' అని ఆయన్ని సెప్పమనండి. ఆరోజు నానే ఒచ్చి ఆయనకి అన్నం వడ్డిత్తాను."

"ఆయన చెప్పరు. నీకు తెలీదా?"

"అయితే నానూ రాను."

రత్నాలమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆమెను చూస్తే సుధారాణికి జాలేసింది. ఆ జాలిని టెక్కలి దాకా సాగనివ్వలేదు. ఆటోదాకా వెంట నడిచి, చక్రంలో పడబోతున్న చీరచెంగు తీసి ఆమె ఒళ్ళో వేసింది.

"జాగర్తమ్మా" అంది.

ఆటో మలుపు తిరిగింది. సుధారాణి లోపలికి వెళ్ళి తన పీట మీద కూర్చుంది. పక్కనున్న కాసులమ్మ పొట్టు తీస్తూ తీస్తూ, తల ఎత్తకుండానే అడిగింది.

"ఆ పెద్దగంట ఎలా మోగుద్దే?"

సుధారాణి చెప్పడం మొదలుపెట్టింది.