ముఖాలు గుర్తుపట్టే కెమెరా

వేలెడంత ముసలామె మళ్ళీ బోర్లా పడింది. రాజేశ్వరరావు ఆమెను రెండు వేళ్ళతో లేపి, పాదాల కింద ఇంకాస్త మైనం అద్ది, నల్ల అట్ట మీద నిలబెట్టాడు.

"గడ్డం కొంచెం పైకెత్తు పెద్దమ్మా," అన్నాడు.

కర్రబొమ్మ గడ్డం ఎలా ఎత్తుతుంది? అయినా అంటాడు. సగం జీవితం పాస్‌పోర్టు ఫోటోలు తీసిన మనిషి, ఆ నోరు ఊరికే ఉండదు. బొమ్మనైనా సరే మనిషిలాగే నిలబెడతాడు. ముఖం తిన్నగా ఎదురుగా ఉండాలి, చూపు కెమెరాలోకి ఉండాలి, చెవులు రెండూ కనబడాలి. ఎండ మెత్తబడటానికి తన సొంత తువ్వాలు ఒకటి తెచ్చి కిటికీకి కట్టుకున్నాడు.

జగదల్‌పూర్‌లో చేతివృత్తుల సొసైటీ వెనక గదిలో అతని ఉద్యోగం ఇదే. అడవి పల్లెల నుంచి వచ్చే చిన్నచిన్న రంగుల కర్రబొమ్మలకు ఫోటోలు తీయడం. ఆ ఫోటోలు సొసైటీ వెబ్‌సైట్‌లోకి ఎక్కుతాయి, ఎక్కడెక్కడి వాళ్ళో చూసి తెప్పించుకుంటారు.

అతనిది తెలుగు సరిహద్దు ఊరు భోపాల్‌పట్నం. గని ఉద్యోగుల కుటుంబాలను నమ్ముకుని బచేలి బజారులో స్టూడియో పెట్టాడు. వచ్చిన ప్రతి తల్లీ ఒకటే మాట, అమ్మాయి కొంచెం తెల్లగా రావాలి. ఉన్నది ఉన్నట్టు తీస్తానండీ అనేవాడు ఇతను. వాళ్ళు మెట్లు దిగి ఎదురు దుకాణానికి పోయేవారు. అలా పోయి పోయి చివరికి స్టూడియోనే పోయింది. "నాలుగు మొఖాలకు సున్నం కొట్టుంటే మనకూ ఒక ఇల్లుండేది," అని భార్య జయ ఈనాటికీ ఎత్తిపొడుస్తూనే ఉంటుంది. బొమ్మల పని దొరికినప్పుడు అతనికి ప్రాణం లేచొచ్చింది. బొమ్మలు తమను తెల్లగా తీయమని అడగవు కదా.

పాత కెమెరా పాడైపోయి, పోయిన నెల కొత్త డిజిటల్ కెమెరా వచ్చింది. వచ్చిన రోజు నుంచీ బొమ్మల ముఖాలు పాలిపోయి వస్తున్నాయి. మొదట తువ్వాలును తిట్టుకున్నాడు. ఉతికి చూశాడు, తీసేసి చూశాడు. తరువాత బల్బు మార్చాడు. లాభం లేదు. ఒకసారి ఈ ముసలామె పక్కకు తిరిగి పడిపోయినప్పుడు పొరపాటున మీట నొక్కాడు. ఆ ఫోటోలో ముఖం చక్కగా కాలిన పెంకు రంగులో ఉంది. మళ్ళీ ఎదురుగా నిలబెట్టాడు. తెరమీద పసుపు చదరం ఒకటి వచ్చి ముఖం మీద కూర్చుంది, ముఖం తెల్లబడింది, ముడతలు మాయమయ్యాయి.

అప్పటికి అర్థమైంది. ఆ కెమెరా బొమ్మను మనిషనుకుంటోంది. మనిషని తెలియగానే తెల్లగా, నున్నగా చేసి పెడుతోంది. ఎంత మర్యాద! ఏ తల్లి మాటా వినక స్టూడియో మూసుకున్నవాడి చేతికి, ఎవరూ అడక్కుండానే సున్నం కొట్టే యంత్రం వచ్చి పడింది. మండదా మరి? ముఖాలకు అందం పెట్టే ఆ మీట ఎక్కడుందో వెతికి పట్టుకుని ఆపేశాడు. బొమ్మలన్నింటికీ మళ్ళీ ఫోటోలు తీశాడు.

ఈరోజు పొద్దున వచ్చి చూస్తే ఆ మీట మళ్ళీ పనిచేస్తోంది.

"నేనే ఆన్ చేశా అంకుల్," అన్నాడు మేనేజరు ధీరజ్, గుమ్మంలో ఫోన్ చూసుకుంటూ. బచేలి క్వార్టర్లలో పెరిగిన పిల్లవాడే, చామనఛాయ. మెడలో నీలం తాడుకు గుర్తింపు కార్డు. వాడి స్కూలు ఫోటోలు కూడా రాజేశ్వరరావు తీసినవే. "తెల్లగా వచ్చిన ఫోటోలకే ఆర్డర్లు ఎక్కువొస్తున్నాయి."

"ఈ బొమ్మ చేసిన సోమ్లీకి ఈమె సొంత అత్త, దేవే అని పేరు. ఈమె గిట్ల ఉండదు బాబూ."

"కొనేవాళ్ళకి వాళ్ళ అత్త తెలుసా ఏంటి? ఒకటే ప్రాబ్లమ్, బొమ్మలు వాపస్ వస్తున్నాయి. ఫోటోలో తెల్లగా ఉంది, పంపింది నల్లగా ఉంది అంటున్నారు. సోమ్లీ వస్తోందిగా, ఆమెతో మాట్లాడతా."

సోమ్లీతో ఏం మాట్లాడతాడో అప్పుడు తెలియలేదు. బుద్ధున్న వాడెవడైనా ఫోటో మారుస్తాడు కదా అనుకున్నాడు రాజేశ్వరరావు.

మధ్యాహ్నం సుక్మా బస్సు దిగి సోమ్లీ వచ్చింది. దక్షిణాన పొలం, అడవి నమ్ముకున్న దోర్లా తెగ మనిషి. మోచేతుల దాకా పచ్చబొట్లు, గోళ్ళ సందుల్లో ఆరిన రంగు. భర్త హడ్మా చెక్కుతాడు, ఆమె రంగులు వేస్తుంది. తన ఊళ్ళో తనకు తెలిసిన మనుషులనే చేస్తుంది. చేశాక ఆ బొమ్మను ఆ మనిషి చేతికే ఇస్తుంది. వాళ్ళు తిప్పి తిప్పి చూసుకుని "నేనే" అనాలి. అంటేనే అమ్మకానికి తెస్తుంది, లేకపోతే పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చేస్తుంది.

వరండాలో మూట విప్పుతున్న ఆమె ముందు ధీరజ్ ఫోన్ పెట్టాడు.

"గీమె ఎవలు?" అంది సోమ్లీ.

"మీ అత్తే."

ఆమె ఫోన్ దగ్గరకు తెచ్చుకుని చూసింది. "మా అత్త బుగ్గల మీది గీతలు ఏడబోయినయ్ అన్నా? ఒక్కొక్కటి ఎంటికంత కుంచెతోని గీసిన." ఆ అడగడం రాజేశ్వరరావును. అతనికి తల కొట్టేసినట్టయింది.

"కెమెరా చేసిన పని సోమ్లీ. నేను తీసేసిన, మళ్ళ పెట్టిన్రు."

ధీరజ్ ఒక తెల్లరంగు డబ్బా తెచ్చి ఆమె పక్కన పెట్టాడు. "ఇకనుంచి ముఖాలు ఇలా, ఫోటోలో ఉన్నట్టు వెయ్యాలి. గీతలొద్దు. ఇలా వేస్తేనే తీసుకుంటాం. ఒకటి ఇప్పుడే వేసి చూపించు."

బొమ్మకు తగ్గట్టు ఫోటో కాదు, ఫోటోకు తగ్గట్టు బొమ్మ! రాజేశ్వరరావుకు ఒళ్ళు మండిపోయింది. నోరు తెరవబోయాడు. సోమ్లీ అప్పటికే ఇంకా రంగు పడని బొమ్మ ఒకటి, తన రంగులూ కుంచే తీసి, డబ్బా మూత తిప్పుతోంది. నెల నెలా ఆమె చేతిలో పడే నాలుగు రాళ్ళూ ఈ సొసైటీవే. వేస్తుంది కాబోలు, ఏం చేస్తుంది పాపం, అనుకుని గదిలోకి పోయి కూర్చున్నాడు. తానొక్కడే మొండికేసి స్టూడియో పోగొట్టుకున్నాడు, ఆమెనూ పోగొట్టుకోమనడానికి నోరు రాలేదు.

కాసేపటికి ఆమె ధీరజ్‌ను పిలవడం విని గుమ్మంలోంచి చూశాడు. బొమ్మను కాళ్ళు పట్టుకుని ధీరజ్‌కు అందిస్తోంది.

గళ్ళ చొక్కా, నల్ల ప్యాంటు. మెడలో నీలం తాడు, దాని చివర గోరంత కార్డు. ముఖం మాత్రం పిండిలో ముంచి తీసినట్టు తెల్లగా ఉంది.

"నాకు తెలిసినోళ్ళనే చేస్త సారూ. మంచిగ చూసి చెప్పు, నువ్వేనా?"

ధీరజ్ చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "నేనింత తెల్లగా ఎక్కడున్నాను? ఇది నాలా లేదు."

"నువ్వు కాదంటివి. గంతే మరి," అంది సోమ్లీ. బొమ్మను ఎండు పుల్లలా బల్ల మీద పెట్టేసి, చేతులు తుడుచుకుని, తన బొమ్మలన్నీ మూట కట్టడం మొదలుపెట్టింది. కట్టాక గదిలోకి వచ్చి చెయ్యి చాపింది. రాజేశ్వరరావు దేవే పాదాల మైనం గోటితో గీకి, ఆమె అరచేతిలో పెట్టాడు.

"మళ్ళ ఎప్పుడొస్తవ్?"

"ఎందుకొస్త అన్నా?" అంది. గొంతులో కోపం కూడా లేదు. మూట నెత్తిన పెట్టుకుని, గేటు దాటి, బస్టాండు వైపు మలుపు తిరిగింది.

ధీరజ్ కాసేపు గునిసి తేరుకున్నాడు. "పోతే పోనివ్వండి అంకుల్. ఫోటోలు మన దగ్గరున్నాయిగా, ఇంకెవరైనా చేస్తారు. తెలుపు బాగానే కుదిరింది, ఆ బొమ్మకొక ఫోటో తీయండి. శాంపిల్ పంపుదాం."

రాజేశ్వరరావు కెమెరా తీసుకెళ్ళి అతని చేతుల్లో పెట్టాడు.

"ఎదురుగ ఉన్నది మనిషని ఈ కెమెరాకైన తెలిసింది బాబూ. నీకు అదీ తెలువలే."

"అంకుల్, మీరు..."

"రేపటి నుంచి నేను రాను."

గదిలోకి వెళ్ళి కిటికీకి కట్టిన తువ్వాలు విప్పుకున్నాడు, దులిపి భుజాన వేసుకున్నాడు. జయ ఏమంటుందో తెలుసు. అననీ. చెప్పులు తొడుక్కుని మెట్లు దిగాడు. ధీరజ్ కెమెరా చంకలో పెట్టుకుని, ఫోన్ మోగితే మాట్లాడుకుంటూ ముందు గదిలోకి పోయాడు.

వరండా బల్ల మీద నీలం తాడు మెడలో వేసుకున్న బొమ్మ మిగిలింది, దాని తెల్ల బుగ్గ మీద సోమ్లీ వేలిముద్ర ఒకటి ఇంకా పచ్చిగానే ఉంది.